"గా పొల్ల గట్ల అనది"

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున్నే అక్క ఫోన్ చేసింది. ఆదివారం అక్క ఫోన్ అంటే మామూలుగా అమ్మ బీపీ మాత్రల గురించో, ఎవరి పెళ్లిలోనో ఎంత చదివించాలన్న లెక్క గురించో ఉంటుంది. ఈసారి గొంతు తేడాగా ఉంది. "నువ్వొకసారి ఇంటికి రా. ఇది ఫోన్ల ఏందో రాస్తుంది. రాత్రి పన్నెండు దాక అదే పని. చూస్తే ఎనభై పేజీలున్నది."

"ఇది" అంటే అక్క కూతురు. తొమ్మిదో తరగతి. యూసుఫ్‌గూడలో మెట్రో ఎక్కి ఉప్పల్‌లో దిగేదాకా నాకు రాని ఆలోచన లేదు. ఎవరికి రాస్తోంది? ఎనభై పేజీల ప్రేమలేఖ ఈ రోజుల్లో ఎవరు రాస్తారు? రాస్తే మాత్రం అవతలివాడు చదువుతాడా?

వెళ్లి చూస్తే కథ. ఒక పెద్ద తెలుగు సినిమా, పేరు చెప్పను, మీలో చాలామంది చూసే ఉంటారు. అందులో విలన్‌కి ఒక చెల్లెలు ఉంటుంది. సినిమా మొత్తంలో ఆమెకి రెండే సీన్లు. ఒకదాంట్లో అన్నకు కాఫీ తెచ్చిస్తుంది. ఇంకోదాంట్లో గేటు దగ్గర నిలబడి కారు వెళ్లడం చూస్తుంది. ఇంటర్వెల్ తర్వాత హీరో ఆ అన్నను చంపేస్తాడు, హాల్లో ఈలలు పడతాయి, ఆ అమ్మాయి ఇక కనిపించదు. మా పిల్ల వెళ్లి ఆ అమ్మాయిని పట్టుకుంది. అన్న పోయాక ఆమె ఏం చేసింది, ఇంటి అద్దె ఎవరు కట్టారు, కాలేజీలో ఎవరు ఏమన్నారు, హీరో ఎదురుపడితే ఏమైంది. ఎనభై పేజీలు.

"దీన్నేమంటరే?" అంది అక్క.

"ఫ్యాన్ ఫిక్షన్ అంటరు."

"అంటే?"

"అంటే... నేను అమ్మమ్మకు సీరియల్ చెప్పేదాన్ని కదా. గదే."

అక్క మొహంలో భయం పోయి, దాని స్థానంలో పాత కోపం వచ్చింది. ఎందుకంటే ఆ సంగతిలో తను కూడా నెల రోజులు మోసపోయింది.

ఆ సంగతి చెప్తాను. చాలా ఏళ్ల కిందటి వేసవి. నా తొమ్మిదో తరగతి పరీక్షలు అయిపోయాయి. చిక్కడపల్లిలో మాది కింది పోర్షన్. ఆ ఏడు కరెంటు కోతలు ఎలా ఉండేవో హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. మా వైపు సరిగ్గా మధ్యాహ్నం పోయేది. అమ్మమ్మ చూసే సీరియల్ కూడా సరిగ్గా అప్పుడే. మూడో అంతస్తులో ఒక ఆంటీ వాళ్లకు ఇన్వర్టర్ ఉంది. అమ్మమ్మ మోకాళ్లు మూడు అంతస్తులు ఎక్కనివ్వవు. అందుకని నన్ను పంపేది. నేను పైకెళ్లి చూసి, కిందికొచ్చి చెప్పాలి.

ఇది తేలిక పని అనుకోకండి. అమ్మమ్మ గచ్చు మీద చాప వేసుకుని, చేతిలో విసనకర్ర పట్టుకుని అడిగేది. "ఏం చీర గట్టింది?" "అత్త కూసోనున్నదా, నిలవడ్డదా?" "గామె తలుపు దగ్గరికేసిందా, గడియ వెట్టిందా?" గడియ పెట్టడానికీ దగ్గరికేయడానికీ అంత తేడా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. గడియ పెడితే లోపల ఏదో దాస్తున్నట్టు. దగ్గరికేస్తే ఎవరైనా వచ్చి పలకరించాలని ఉన్నట్టు. రెండు వారాలకు నేను సీరియల్‌ని వేరే రకంగా చూడటం మొదలుపెట్టాను. చేతులు చూసేదాన్ని, గడియలు చూసేదాన్ని.

ఒక రోజు పైకి వెళితే తాళం. ఊరికెళ్లారట. వెంటనే కిందికి వస్తే అమ్మమ్మ బాధపడుతుంది. అరగంట మెట్ల మీద కూర్చున్నాను. ఎపిసోడ్ అయిపోయే టైముకి కిందికొచ్చి, చెప్పడం మొదలుపెట్టాను. గాజులు పోయాయన్నాను. అత్త కోడలి మీద అనుమానపడి, నలుగురిలో నిలబెట్టి అడిగిందన్నాను. కోడలు ఊరుకుంటుందా? పెద్ద ప్రసంగమే ఇప్పించాను. ఆడదాని కన్నీళ్లు, ఆత్మగౌరవం, పుట్టింటి పరువు, అన్నీ కలిపి నిమిషంన్నర. నాకే గొంతు పూడుకుంది.

విసనకర్ర ఆగింది.

"గా పొల్ల గట్ల అనది."

"అన్నది అమ్మమ్మా. నేను చూసిన."

"అనది బిడ్డా. గామె అన్నీ కడుపుల వెట్టుకుంటది. వంటింట్లకు వోయి గిన్నెలు తోముతది గని అత్తకెదురు మాట్లాడది. నువ్వు చూడలే."

దొరికిపోయాను. చెవులు వేడెక్కిపోయాయి. ఇక తిట్లు మొదలు అనుకుంటుండగా అమ్మమ్మ ఇంకోవైపు ఒత్తిగిల్లి, "సరే, మరేమన్నదో సక్కగ చెప్పు" అంది.

అబద్ధం చెప్పినందుకు ఒక్క మాట లేదు. తప్పుగా చెప్పినందుకు మాత్రం మళ్లీ చెప్పించింది. నేను ఆలోచించాను. కోడలు ఏమీ అనలేదన్నాను. తన పెట్టె తెచ్చి అత్త ముందు తెరిచి పెట్టి, వంటింట్లోకి పోయి, కుళాయి పూర్తిగా తిప్పేసి నిలబడిందన్నాను. అత్తకు నీళ్ల చప్పుడు తప్ప ఇంకేం వినపడలేదన్నాను.

విసనకర్ర మళ్లీ కదిలింది. "ఆఁ. గట్ల."

ఆ తర్వాత పత్రికల్లో, వర్క్‌షాపుల్లో, డబ్బులు కట్టి మరీ, రాయడం గురించి చాలా విన్నాను. ఆ రెండు ముక్కల కంటే పనికొచ్చింది పెద్దగా గుర్తులేదు.

మర్నాడు కరెంటు ఉంది. టీవీలో "జరిగిన కథ" వేశారు. గాజుల ఊసే లేదు. అమ్మమ్మ చివరిదాకా చూసి, "నీ గాజులే మంచిగుండె" అంది. అప్పటి నుంచి కరెంటు ఉన్నా లేకపోయినా సాయంత్రం అడిగేది: "వాళ్లది చూసిన గని, నీది చెప్పు." అక్క అప్పుడు ఇంజనీరింగ్, కాలేజీ నుంచి వచ్చి నా వెర్షన్ విని, అదే నిజమనుకుని తన ఫ్రెండ్స్‌కి చెప్పేది. ఆ ఫ్రెండ్స్‌లో ఒకమ్మాయి వాళ్లమ్మ అదే సీరియల్ చూస్తుందని నెల తర్వాత బయటపడింది. ఆ కోపమే ఇది.

నా గొప్పలు చెప్పుకోవడం కాదు కానీ, ఒకసారి నేను ఆ కథలోకి కొత్త పాత్రను కూడా దించాను. పక్కింట్లోకి ఒక పద్నాలుగేళ్ల అమ్మాయి దిగింది. బాగా చదువుతుంది, పాడుతుంది, పొడుగు జడ, ఎవరి గొడవైనా ఒక్క మాటతో తీర్చేస్తుంది. అత్త కూడా ఆమె మాట వింటుంది. అమ్మమ్మ రెండు రోజులు భరించింది. మూడో రోజు, "గా పిల్ల ఎవ్వలే నడుమల? నువ్వేనా?" అని అడిగింది. చాలా ఏళ్ల తర్వాత తెలిసింది, ఇంగ్లీషు ఫ్యాన్ ఫిక్షన్ వాళ్లు ఇలాంటి పాత్రను మేరీ స్యూ అంటారని. 1973లో స్టార్ ట్రెక్ అనే అమెరికన్ టీవీ సీరియల్ అభిమాని ఒకరు ఇలాంటి కథలను వెక్కిరిస్తూ రాసిన చిన్న కథలోంచి ఆ పేరు వచ్చింది. అలాగే పాత్ర తన స్వభావం తప్పి మాట్లాడితే "అవుట్ ఆఫ్ క్యారెక్టర్" అంటారు. అచ్చు వేసే ముందు చదివి తప్పులు చెప్పే మనిషిని బీటా రీడర్ అంటారు. మా అమ్మమ్మకు ఈ పదాలేవీ తెలియవు. మూడు పనులూ చాప మీద పడుకునే చేసింది.

ఇప్పుడు నా బతుకుదెరువు డబ్బింగ్ సీరియళ్లకు తెలుగు మాటలు రాయడం. కృష్ణానగర్‌లో చిన్న స్టూడియో, ఏసీ మరీ ఎక్కువ, టీ మరీ తక్కువ. అక్కడ పని ఏమిటంటే, తెర మీద మనిషి పెదవులు ఎక్కడ కలుస్తున్నాయో చూసుకుని అక్కడ ప, బ, మ పడేలా రాయాలి. క్లోజప్‌లో పెదవులు మూసుకున్నప్పుడు "నాన్న" అంటే కుదరదు, "అమ్మ" అయితే అతుకుతుంది. కానీ పెదవులు కుదిరాక కూడా అసలు పరీక్ష ఒకటి మిగిలే ఉంటుంది. ఆమె అలా అంటుందా? డైరెక్టర్ ఓకే అన్న డైలాగునే నేను కొట్టేసి మళ్లీ రాసిన రోజులున్నాయి. నా తల వెనకాల ఎక్కడో విసనకర్ర ఆగిపోతుంది మరి.

అందుకే టీనేజ్ పిల్లలు ఫ్యాన్ ఫిక్షన్ రాస్తుంటే టైం వేస్టు అనేవాళ్లతో నాకు పేచీ. "ఇంకొకరి పాత్రలు తీసుకుని రాయడం కాపీ కొట్టడమే కదా, సొంతంగా రాయొచ్చుగా" అంటారు. సొంతంగా అంటే ఏమిటో ఒకసారి ఆలోచించండి. పద్నాలుగేళ్ల పిల్లను కూర్చోబెట్టి, ఊరు నువ్వే కట్టు, మనుషుల్ని నువ్వే పుట్టించు, వాళ్లకు గొడవ నువ్వే పెట్టు, మళ్లీ నువ్వే తీర్చు అంటున్నాం. మనం పిల్లలకు వంట అలా నేర్పుతామా? పప్పు ఉడికి ఉంటుంది, "ఇదిగో, తాలింపు నువ్వు పెట్టు" అంటాం. ఆవాలు ఎప్పుడు చిటపటలాడతాయి, ఎండుమిర్చి ఎంతలో మాడుతుంది, ఇంగువ ఎప్పుడు వేయాలి, ఆ రెండు నిమిషాల మీదే దాని మనసంతా ఉంటుంది. ఫ్యాన్ ఫిక్షన్‌లో పప్పు ఎవరో ఉడికించి పెట్టారు. పిల్లలు తాలింపు మాడ్చుకుంటూ నేర్చుకుంటున్నారు.

బళ్లో రాయించే వ్యాసాలు ఎలా ఉండేవో గుర్తుందా? గ్రంథాలయాల వల్ల లాభాలు. నేను చూసిన పండుగ. ఉపోద్ఘాతం, విషయం, ముగింపు. పదేళ్లు రాశాను. పదేళ్లలో ఒక్కరు కూడా "తర్వాత ఏమైంది?" అని అడగలేదు. అడిగేవాళ్లు లేకుండా ఎవరైనా రాయడం ఎలా నేర్చుకుంటారు?

ఇంకో మాట. ఇదేదో అమెరికా నుంచి దిగుమతి అయిన జబ్బు అనుకునేవాళ్ల కోసం. ఇంటర్‌లో ఉన్నప్పుడు ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ పుస్తకాల దగ్గర పాత చందమామలు కొనుక్కునేదాన్ని, ఒక్కో కట్ట ఒక్కో సంవత్సరానిది. అందులో బేతాళ కథ తప్పనిసరి. అసలు సంస్కృతంలో బేతాళుడు చెప్పిన కథలు ఇరవై అయిదే, పేరే బేతాళ పంచవింశతి. 1947లో మొదలైన చందమామ నెలకొక బేతాళ కథ వేసుకుంటూ పోతే, రెండేళ్ల పైచిలుకులో మూల కథలు అయిపోవాలి. కానీ దశాబ్దాల పాటు వస్తూనే ఉన్నాయి. అదే శ్మశానం, అదే చెట్టు, అదే శవం, అదే మొండి రాజు. లోపలి కథ మాత్రం ప్రతిసారీ కొత్తది, మన తెలుగు రచయితలు కట్టిందే. ఇది ఫ్యాన్ ఫిక్షన్ కాక మరేమిటి? పైగా దానికి నియమాలు ఎంత గట్టివి! చివర్లో ఒక చిక్కు ప్రశ్న రావాలి, దానికి రెండు రకాల జవాబులు సాధ్యమనిపించాలి, రాజు చెప్పే జవాబు మూడోది కావాలి, విన్నాక అంతే కదా అనిపించాలి. నేనూ ఒకటి రాద్దామని చూశాను. రాజు జవాబు నా కంటే ముందు మా అక్కకు తట్టింది. చించేశాను.

శశిరేఖ సంగతీ అంతే. వ్యాసుడి భారతంలో అభిమన్యుడి భార్య ఉత్తర. బలరాముడికి శశిరేఖ అనే కూతురుందని, ఘటోత్కచుడు ఆమె వేషంలో పెళ్లిపీటల మీద కూర్చున్నాడని అక్కడ ఉండదు. జనం చెప్పుకున్న కథ అది. నాటకాల వాళ్లు ఆడారు, 1957లో మాయాబజార్ సినిమా వచ్చింది, సురభి వాళ్లు ఇప్పటికీ ఆడుతున్నారు. ఎవరో ఎప్పుడో "ఘటోత్కచుడు ఆడపిల్ల వేషం వేస్తే ఎట్లుంటది?" అని అనుకుని ఉంటారు. ఆ పెద్దమనిషికి నా నమస్కారం.

మళ్లీ నా సంగతికొస్తాను. ఇంటర్‌లో నన్ను ఒక కార్పొరేట్ కాలేజీలో వేశారు. పొద్దున ఆరున్నరకు బస్సు, రాత్రి ఎనిమిదిన్నరకు ఇల్లు. సెకండ్ లాంగ్వేజ్ సంస్కృతం, ఎందుకంటే మార్కులు. తెలుగు తీసుకుంటానంటే ప్రిన్సిపల్ నవ్వాడు. అంటే పదో తరగతితో నా తెలుగు అయిపోయింది, బడి లెక్క ప్రకారం. కానీ కెమిస్ట్రీ రఫ్ నోట్సు వెనక పేజీల్లో అమ్మమ్మ సీరియల్ నడుస్తూనే ఉంది. పక్కనున్న అమ్మాయి చదివింది. ఆమె పక్కనున్నామె చదివింది. నెల తిరిగేసరికి ఆ రఫ్ నోట్సు సాయంత్రం స్టడీ అవర్‌లో మూడు వరుసలు తిరిగొచ్చేది. మార్జిన్లలో పెన్సిల్‌తో రాసేవాళ్లు. "ఇక్కడ ఏడ్చిన." "వీడు మరీ మంచోడు, బోర్." "అయ్యో, వీళ్ల నాన్న చచ్చిపోయిండు కదా, నిన్న రాసినవ్, మళ్లెట్లొచ్చిండు?" ఆ చివరిది చదివినప్పుడు నాకు చెమటలు పట్టాయి. మూడో రోజు తండ్రికి ఒక కవల సోదరుణ్ణి సృష్టించాల్సి వచ్చింది. క్లాసంతా ఒక వారం నన్ను ఏడిపించారు. తర్వాత నేను పాత్రల పట్టిక రాసుకోవడం మొదలుపెట్టాను: పేరు, వయసు, ఊరు, బతికున్నారా లేదా.

నోట్సు ఒక లెక్చరర్ చేతికి చిక్కడం, నాన్నను పిలిపించడం, ఇవన్నీ అయ్యాయి. వాటి గురించి రాయడానికి ఏమీ లేదు, అందరి ఇళ్లలో జరిగేదే. నాన్న తిరుగు దారిలో బస్సులో ఒక్కటే అడిగాడు, "మరి గా కవల తమ్ముడు ఏమైండు?" అని. ప్రిన్సిపల్ గదిలో చూపించిన పేజీ ఆయన చదివేశాడన్నమాట.

డిగ్రీలో ఫోన్ వచ్చింది. మొదట తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేదాన్ని. తర్వాత లేఖిని దొరికింది, ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే తెలుగులోకి మార్చే సైటు, దాంతో తెలుగు లిపిలోకి వచ్చాను. అప్పుడే నా స్పెల్లింగులు ఎంత ఘోరమో కూడా తెలిసింది. ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే ళ, ల ఒకటే, ణ, న ఒకటే. తెలుగు లిపిలో "కల్లు" అని రాసి హీరోయిన్ కల్లు తుడుచుకుందంటే ఇంకేం మిగులుతుంది? అలా ఆన్‌లైన్‌లో పెట్టిన ఒక కథ కింద, ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి రాశారు: "మీ కథ బాగుంది. కానీ ఈ అధ్యాయంలో పద్నాలుగు సార్లు అందరూ 'చిన్నగా నవ్వారు'. వీళ్లకు నవ్వడం తప్ప పని లేదా?" లెక్కపెట్టాను. పద్నాలుగే. ఈ రోజు వరకూ "చిన్నగా నవ్వింది" అని రాయబోతే వేళ్లు ఆగుతాయి.

దీని మీద చదువుకున్నవాళ్లు పరిశోధన కూడా చేశారు. సియాటిల్‌లోని యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో సెసీలియా అరగాన్, కేటీ డేవిస్ అని ఇద్దరు, 1998లో మొదలైన ఫ్యాన్‌ఫిక్షన్ డాట్ నెట్‌లో పిల్లలు రాసే కథలు, వాటి కింద వచ్చే వ్యాఖ్యలు చూసి 2019లో పుస్తకం వేశారు. అక్కడ ఒక గురువంటూ ఉండడు, వందల మంది తలా ఒక చిన్న మాట చెప్తే ఆ ముక్కలన్నీ కలిసి పాఠం అవుతాయి అన్నది వాళ్లు గమనించిన విషయం. మా మూడు వరుసల పెన్సిల్ రాతలను వాళ్లు చూసుంటే ఇంకో అధ్యాయం రాసేవాళ్లు.

ఇంత పొగిడాక లోటు కూడా చెప్పాలి. నాకు పంతొమ్మిదేళ్లప్పుడు మొదటిసారి పూర్తిగా నా సొంత కథ రాసి ఒక వారపత్రికకు పంపాను. ఆ ఎడిటర్ ఓపిక ఉన్న మనిషి, తిరిగి పంపుతూ కాగితం మీద చేత్తో ఒక వాక్యం రాశారు. "సంభాషణలు బాగున్నాయి, కానీ ఈమె ఎవరో నాకు తెలియదు." నాకు అర్థం కాలేదు. ఆమె గురించే కదా కథంతా! మళ్లీ చదివితే తెలిసింది. ఆమె ఎలా ఉంటుందో రాయలేదు, ఏ ఊరో రాయలేదు, ఆ అత్తకు ఆమె మీద ఎందుకు కోపమో రాయలేదు. పాఠకుడికి ముందే తెలుసు అన్నట్టు రాసేశాను. అయిదేళ్లుగా నా పాఠకులకు అన్నీ ముందే తెలుసు కదా, మొహం నటి ఇచ్చింది, ఇల్లు సెట్ వాళ్లు కట్టారు, పగ మొదటి ఎపిసోడ్‌లోనే మొదలైంది. తాలింపు బాగా వచ్చు. పప్పు ఎంత నీళ్లకు ఎంత వేయాలో తెలియదు. అది నేర్చుకోవడానికి ఇంకో మూడేళ్లు పట్టింది, పూర్తిగా వచ్చిందని ఇప్పటికీ చెప్పను.

అక్క అడిగిన అసలు ప్రశ్న వేరు: "అందుల చెత్త ఉండదా?" ఉంటుంది. దాచడం ఎందుకు. ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్ అని ఒక పెద్ద సైట్ ఉంది, 2009 నుంచి వలంటీర్లే నడుపుతున్నారు, ప్రకటనలు ఉండవు, 2019లో దానికి సైన్స్ ఫిక్షన్ వాళ్లు ఇచ్చే హ్యూగో అవార్డు కూడా వచ్చింది. అందులో చాలా కథల మీద జనరల్, టీన్, మెచ్యూర్, ఎక్స్‌ప్లిసిట్ అని రాసి ఉంటుంది, లోపల ఏముందో ట్యాగులు ఉంటాయి. ఆ రేటింగులు ఎలా చూడాలో అక్కకూ, పిల్లకూ పక్కపక్కన కూర్చోబెట్టి చూపించాను. ఇంకోటి, బతికున్న హీరోల మీద, పాటగాళ్ల మీద అల్లే కథలు నాకు ఇబ్బంది. పాత్రను ఏడిపించొచ్చు. నిజం మనిషి పేరు పెట్టి, ఆయన పడగ్గది మనం ఊహించి ఊరంతా చదివించడం వేరు. మా పిల్ల ఈ విషయంలో నాతో వాదించింది. వాదన ఇంకా తేలలేదు.

సరే, ఎనభై పేజీలు చదివాను. కథనం అంతా ఇంగ్లీషు. మాటలు మాత్రం తెలుగు, ఇంగ్లీషు అక్షరాల్లో. "ఎందుకిట్ల రాసినవ్?" అని అడిగితే కాసేపు గోళ్లు గిల్లుకుని, "వాళ్లమ్మ తిట్టేది ఇంగ్లీషుల వస్తలేదు చిన్నమ్మా" అంది. ఇంగ్లీషు మీడియంలో ఎల్‌కేజీ నుంచి చదివిన పిల్ల. తల్లి తిట్టే చోటికి వచ్చేసరికి తెలుగు దానంతటదే వచ్చి కూర్చుంది. ఎవరూ నేర్పలేదు. నేను కిమ్మనలేదు. "తెలుగులో రాయమ్మా, మాతృభాష" అని మొదలుపెడితే రేపటికి ఆ నాలుగు మాటలు కూడా ఇంగ్లీషులోకి పోతాయి.

బాగుందని చెప్పాను. ఎక్కడెక్కడ బాగుందో కూడా చెప్పాను, ఊరికే బాగుందంటే పిల్లలకు తెలిసిపోతుంది. హీరో ఎదురుపడ్డ సీన్లో ఆ అమ్మాయి అతన్ని ఏమీ అనకుండా, బస్సులో తను కూర్చున్న సీటు ఖాళీ చేసి వెనక్కి వెళ్లి నిలబడుతుంది. అది చదివి నాకు ఒళ్లు జలదరించింది. ఇది ఎవరి మనవరాలి కూతురో తెలుస్తూనే ఉంది.

అమ్మమ్మకు ఇప్పుడు ఎనభై దాటాయి. చెవులు సరిగ్గా వినపడవు, మోకాళ్ల సంగతి సరేసరి. నోరు మాత్రం అలాగే ఉంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక పిల్లను అమ్మమ్మ మంచం పక్కన కూర్చోబెట్టి చదవమన్నాం. ఇంగ్లీషు ముక్కలు నేను తెలుగులో చెప్తున్నాను, మాటలు అదే చదువుతోంది, అరిచి అరిచి. మొదటి అధ్యాయం అయింది. అమ్మమ్మ కళ్లు మూసుకుని ఉంది. నిద్రపోయిందేమో అనుకున్నాం.

"అన్న సచ్చిండని ఆమెకు ఎవలు చెప్పిన్రు?"

పిల్ల నా వైపు చూసింది. నేను పేజీలు వెనక్కి తిప్పాను. ఎవరూ చెప్పలేదు. సినిమాలో హీరో పొడిచాడు. పిల్ల కథ ఆ తర్వాత పదకొండో రోజున మొదలైంది. మధ్యలో ఆ కబురు ఎవరో ఒకరు మోసుకుని రావాలి కదా. "అందరికీ తెలుసు కదా తాతమ్మా, సినిమాల చూసిన్రు కదా" అంది పిల్ల.

"మనకెరుక. ఆమెకెట్ల ఎరుక?"

ఆ వాక్యం వారపత్రిక ఎడిటర్ రాసిన దానికి ఎంత దగ్గరో నాకొక్కదానికే తెలుసు. పిల్ల ఫోన్ తీసుకుని లోపలికి వెళ్లిపోయింది, గడియ పెట్టలేదు, తలుపు దగ్గరికేసింది. సాయంత్రం నేను బయల్దేరేటప్పుడు కూడా సరిగ్గా మాట్లాడలేదు.

బుధవారం రాత్రి పదకొండున్నరకు మెసేజ్ వచ్చింది.

"చిన్నమ్మా, వాచ్‌మన్ వచ్చి చెప్తడు. కానీ ఎట్ల చెప్తడు? 'అన్న చచ్చిపోయిండు' అంటడా, 'అన్నకు సీరియస్‌గ ఉందంట, రమ్మంటున్రు' అంటడా?"

నిద్ర వదిలిపోయింది. లేచి కూర్చుని, "వాచ్‌మన్ ఏ ఊరోడు?" అని కొట్టాను.

"సినిమాల చెప్పలే."

"అయితే నువ్వే చెప్పాలె."

చాలాసేపు ఏమీ రాలేదు. పడుకుందేమో అనుకుని లైటు తీసేశాక ఫోన్ మళ్లీ వెలిగింది.

"వనపర్తి. ఇద్దరు బిడ్డలు. చిన్నదానికి జెరమొచ్చి ఆ రోజు పొద్దటి నుంచి ఆయన అన్నం తినలే. ఇంక రాస్తున్నా, గుడ్ నైట్ అనకు."